పాత ప్రాజెక్టు తెరిచి కాపీ కొట్టే అలవాటు మానడానికి పట్టిన నాలుగు నెలలు

నేను పాఠాల వీడియోలు ఎడిట్ చేస్తాను. ఒక్కో సిరీస్‌లో ఇరవై, ముప్పై భాగాలుంటాయి. ప్రతి భాగంలోనూ అవే సరంజామా: మొదట్లో లోగో యానిమేషన్, మాట్లాడే మనిషి పేరు చూపించే లోయర్ థర్డ్, అధ్యాయం మారినప్పుడు వచ్చే కార్డు, ముఖ్యమైన మాట కింద పడే గీత, చివర్లో ఎండ్ కార్డు. కొత్త భాగం మొదలుపెట్టాలంటే పాత భాగం ప్రాజెక్టు తెరవడం, వేరే పేరుతో సేవ్ చేయడం, పాత ఫుటేజీ తీసేసి పేర్లు మార్చుకోవడం. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది చేసేది ఇదే. నేనూ ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొచ్చాను.

జనవరి ఆఖరి వారంలో క్లయింటు దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. లోగో మారిందట, నీలం కాస్త ముదురైందట. ఇప్పటికే ఇచ్చేసిన భాగాల్లో కూడా కొత్తది పెట్టి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి పంపమన్నారు. చదవగానే ఒక సాయంత్రం పని అనుకున్నా. తీరా ప్రాజెక్టులు తెరిస్తే ఒక్కోదాంట్లో ఒక్కో తీరు. కాపీ నుంచి కాపీ, దాన్నుంచి ఇంకో కాపీ అయ్యేసరికి ఒక భాగంలో పేరు పట్టీ వెడల్పు ఒకలా, ఇంకో భాగంలో మరోలా ఉంది. ఒకచోట రంగు నేరుగా అక్షరాల పొర మీద ఉంటే, ఇంకోచోట ఎఫెక్ట్ రూపంలో ఉంది. ఒకచోట మార్చింది రెండోచోటికి చేరదు. ఫిబ్రవరి రెండో వారం దాకా ఇదే పని. చిన్న మార్పే కదా అన్నారు కాబట్టి విడిగా బిల్లు వేయడానికీ లేదు. ఒళ్లు మండింది. కానీ బయట్నుంచి చూసేవాళ్లకు అది నిజంగానే చిన్న మార్పు.

తర్వాతి సిరీస్ ఏప్రిల్‌లో మొదలుకావాలి. ఆలోపు అన్ని ప్రాజెక్టులకూ పనికొచ్చే కిట్ ఒకటి తయారు చేసుకోవాలని కూర్చున్నా.

నేను వాడేది వీడియో ఎడిట్ చేసే ప్రీమియర్ ప్రో, కదిలే గ్రాఫిక్స్ చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్. మొదట తట్టిన దారి, అన్నీ ఒకే ప్రాజెక్టులో పెట్టుకుని, కావాల్సినప్పుడు అందులోంచి సీక్వెన్స్ (క్లిప్పులు వరుసగా పేర్చిన టైమ్‌లైన్) ఇంపోర్ట్ చేసుకోవడం. ప్రీమియర్‌లో మొత్తం ప్రాజెక్టు కాకుండా ఎంచుకున్న సీక్వెన్సులు మాత్రమే తెచ్చుకునే వీలుంది. తెచ్చుకుంటే వాటితోపాటు వాటి ఫోల్డర్లు, క్లిప్పుల ఎంట్రీలు కూడా వస్తాయి. మూడోసారి ఇంపోర్ట్ చేసేసరికి ప్రాజెక్టు ప్యానెల్లో అదే లోగో ఫైలు మూడుసార్లు కనిపించింది. పైగా ఇలా వచ్చింది కూడా కాపీయే. మూలంలో రంగు మారిస్తే ఇక్కడ మారదు. అంటే నా అసలు సమస్య అలాగే ఉంది, కాపీ కొట్టే పద్ధతి మాత్రమే మారింది.

తర్వాత ప్రీమియర్‌లో 2020లో వచ్చిన ప్రొడక్షన్స్ సదుపాయం పట్టుకున్నా. అందులో చాలా ప్రాజెక్టులు ఒకే గొడుగు కింద ఉంటాయి. ఒక ప్రాజెక్టులోని క్లిప్పును ఇంకో ప్రాజెక్టు సీక్వెన్సులో వాడితే రెండో ఎంట్రీ పుట్టదు, మొదటిదాన్నే చూస్తూ ఉంటుంది. లోగోలు, బ్యాక్‌గ్రౌండ్లు, శబ్దాలు ఇవన్నీ 'ఉమ్మడి' అనే ఒక ప్రాజెక్టులో పెట్టేశాను. ఆ మేరకు హాయి. కానీ పేర్లు మారే లోయర్ థర్డ్‌కు ఇది సరిపోదు.

ఇక్కడే ఆగి కాగితం తీసుకుని, నేను వాడే ప్రతి ఎలిమెంటు ఎదురుగా ఒకే ప్రశ్న రాసుకున్నా: తర్వాతి వీడియోలో దీంట్లో ఏం మారుతుంది? లోగో యానిమేషన్‌లో ఏమీ మారదు. లోయర్ థర్డ్‌లో అక్షరాలు, నిడివి మారతాయి. ఫోటో మెల్లగా జూమ్ అయ్యే కదలికలో ఫోటోయే మారుతుంది, కదలిక మారదు. ఈ మూడూ మూడు రకాల పనులని అప్పుడు స్పష్టమైంది. సాఫ్ట్‌వేర్ గురించి నేర్చుకున్నదానికంటే ఈ కాగితమే ఎక్కువ ఉపయోగపడింది.

ఏమీ మారనివాటిని రెండర్ చేసి, అంటే పూర్తయిన వీడియోగా మార్చి, ఫైలుగా పక్కన పెట్టేశా. వెనక వీడియో కనిపించాలి కాబట్టి పారదర్శకత నిలవాలి. మనం రోజూ ఎక్స్‌పోర్ట్ చేసే హెచ్.264 ఫార్మాట్‌లో ఆల్ఫా చానెల్, అంటే పారదర్శకత సమాచారం, ఉండదు, అందులో పెడితే వెనకాల నల్లగా వస్తుంది. ప్రోరెస్ 4444 ఫార్మాట్‌లో ఆల్ఫా ఉంటుంది. 1080 రిజల్యూషన్‌లో, సెకనుకు 30 ఫ్రేముల దగ్గర దాని లక్ష్య డేటా రేటు సెకనుకు సుమారు 330 మెగాబిట్లు. పది సెకన్లకు లెక్కేస్తే 400 మెగాబైట్లు దాటుతుంది. ఖాళీ ఎక్కువ ఉన్న నా లోగో ఫైళ్లు అంత కాలేదు గానీ, కిట్ మొత్తానికి విడిగా ఒక ఎస్‌ఎస్‌డీ కేటాయించాల్సి వచ్చింది. ఈ ఖర్చు నేను ముందు అనుకోనిది.

మొదటి రెండర్‌లో తెల్ల అక్షరాల అంచుల చుట్టూ సన్నటి నల్లని గీత కనిపించింది. బ్యాక్‌గ్రౌండ్ నల్లగా ఉన్నప్పుడు తెలియదు, లేత రంగు మీద పెట్టగానే మురికి పట్టినట్టు ఉంది. ఆల్ఫా స్ట్రెయిట్, ప్రీమల్టిప్లైడ్ అని రెండు రకాలుగా ఉంటుంది. ప్రీమల్టిప్లైడ్‌లో అంచుల పిక్సెళ్లలో వెనకాల రంగు ముందే కలిసిపోయి ఉంటుంది. చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని స్ట్రెయిట్ అనుకుంటే ఈ గీత పడుతుంది. అవుట్‌పుట్ సెట్టింగుల్లో స్ట్రెయిట్ పెట్టి మళ్లీ రెండర్ చేశాక పోయింది. ఇంకోటి, ఫ్రేమ్ రేటు. 25 ఫ్రేముల్లో చేసిన ఫైలును 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేస్తే కొన్ని ఫ్రేములు రెండుసార్లు పడి కదలిక తట్టుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కాంపొజిషన్ (అక్కడి టైమ్‌లైన్) ఫ్రేమ్ రేటు మార్చినా, కదలిక ఎక్కడ మారాలో చెప్పే గుర్తులైన కీఫ్రేములు సమయం ప్రకారమే నిలబడతాయి కాబట్టి, రెండు రేట్లకూ రెండు ఫైళ్లు తీసి పెట్టుకున్నా. రాత్రి రెండర్ పెట్టి పడుకోవడమే.

కదలిక మాత్రమే కావాల్సినవాటికి ప్రీసెట్లు, అంటే సేవ్ చేసి పెట్టుకున్న సెట్టింగులు, చాలు. ప్రీమియర్ ఎఫెక్ట్ కంట్రోల్స్‌లో కీఫ్రేములున్న ఎఫెక్ట్‌ను ఎంచుకుని సేవ్ ప్రీసెట్ అంటే మూడు ఎంపికలు అడుగుతుంది. స్కేల్ అంటే క్లిప్పు నిడివిని బట్టి కీఫ్రేములు సాగుతాయి, కుంచించుకుంటాయి. యాంకర్ టు ఇన్ పాయింట్ అంటే మొదలుకు అతుక్కుంటాయి, అవుట్ పాయింట్ అంటే చివరికి. లోపలికి జారి వచ్చేదాన్ని ఇన్‌కు, బయటికి పోయేదాన్ని అవుట్‌కు కట్టి రెండు ప్రీసెట్లు చేశా. ఒకే క్లిప్పు మీద రెండూ వేస్తే రెండోది మొదటిదాన్ని తుడిచేసింది. కారణం, రెండూ క్లిప్పుకు సహజంగా ఉండే మోషన్ (స్థానం, సైజు మార్చే సెట్టింగు) మీద చేసినవి, అది ఒక్కటే ఉంటుంది. అదే పనిని ట్రాన్స్‌ఫార్మ్ ఎఫెక్ట్‌తో చేస్తే ఎన్నిసార్లైనా వేసుకోవచ్చు. దాని షట్టర్ యాంగిల్ పెంచితే కదలికలో మసక కూడా వస్తుంది, అది అదనపు లాభం.

అసలు కథ లోయర్ థర్డ్‌దే. ఫిబ్రవరి మూడో వారంలో మొదలుపెడితే మార్చి సగం అయ్యేదాకా సరైన రూపానికి రాలేదు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో డిజైన్ చేసి, ఎసెన్షియల్ గ్రాఫిక్స్ ప్యానెల్లోకి ఏవి మార్చుకోవచ్చో అవి మాత్రమే లాగి, మోగర్ట్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేట్‌నే అందరూ మోగర్ట్ అంటారు. 2017 నుంచి ఉంది. ప్రీమియర్‌లో దాన్ని టైమ్‌లైన్ మీద వేసి, పేరు టైప్ చేస్తే సరి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తెరవనక్కర్లేదు. వినడానికి ఇంత తేలిక.

పేరు పొడవును బట్టి వెనక పెట్టె సాగాలి. దానికి సోర్స్ రెక్ట్ ఎట్ టైమ్ అనే ఎక్స్‌ప్రెషన్ (విలువను లెక్కించే చిన్న కోడ్) ఉంది. అక్షరాలు ఆక్రమించిన వెడల్పు, ఎత్తు కొలిచి చెబుతుంది. నెట్‌లో దొరికే పాఠాలన్నీ వెడల్పు, ఎత్తు రెండూ దాంతోనే కట్టమంటాయి. అలాగే కట్టా. 'లత' అని టైప్ చేస్తే పెట్టె సన్నగా, అందంగా ఉంది. 'కృష్ణ' అని టైప్ చేయగానే వత్తు కిందికి దిగి, పెట్టె ఎత్తు పెరిగి, దాన్ని ఆనుకుని ఉన్న రెండో వరుస కిందికి జారిపోయింది. మన అక్షరాలకు పైన గుడి, కింద వత్తు ఎప్పుడు వస్తాయో పేరు టైప్ చేసేదాకా తెలియదు. ఇంగ్లిష్‌లో పరీక్షించి పూర్తయింది అనుకుంటే ఇక్కడ దొరికిపోతాం. చివరికి వెడల్పు మాత్రమే ఎక్స్‌ప్రెషన్‌కు వదిలేసి, ఎత్తును వత్తులకు సరిపడా స్థిరంగా పెట్టేశా. పరీక్షకు కొన్ని పేర్లు రాసుకున్నా: రెండక్షరాలది ఒకటి, వత్తులున్నది ఒకటి, హోదాతో కలిపి వరుస నిండిపోయేది ఒకటి. ఏ టెంప్లేటైనా ఈ జాబితా దాటాకే కిట్‌లోకి వెళ్తుంది.

నిడివి సంగతి. యానిమేషన్ నాలుగు సెకన్లకు చేసి ఉంటే, ప్రీమియర్‌లో పట్టుకుని తొమ్మిది సెకన్లకు లాగినప్పుడు లోపలికి వచ్చే కదలిక, బయటికి పోయే కదలిక అదే వేగంతో ఉండాలి, మధ్య భాగమే సాగాలి. అందుకు కాంపొజిషన్ మీద మార్కర్లు వేసి, వాటిని ప్రొటెక్టెడ్ రీజియన్‌గా గుర్తించాలి. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే టెంప్లేట్‌గా మార్చిన శ్రమంతా దండగ. ఎందుకంటే నిజం వీడియోలో ఏ ఇద్దరి పేర్లూ ఒకే నిడివి తెర మీద ఉండవు. నేను డౌన్‌లోడ్ చేసి చూసిన రెడీమేడ్ టెంప్లేట్లలో కొన్నింటికి ఇది లేదు. లాగి చూస్తేగానీ తెలియదు.

ఎన్ని కంట్రోళ్లు బయటికి ఇవ్వాలన్నది ఇంకో తలనొప్పి. మొదటి వెర్షన్‌లో అన్నీ ఇచ్చేశా: రంగులు, అక్షరాల సైజు, పెట్టె మూలల గుండ్రదనం, నీడ. వాడుతుంటే అర్థమైంది, ఇన్ని మీటలుంటే మళ్లీ ప్రతి భాగంలోనూ ఒక్కో రూపం తయారవుతుంది. ఇప్పుడున్న వెర్షన్‌లో పేరు, హోదా, ఎడమ వైపా కుడి వైపా అన్న ఎంపిక, అంతే. రంగు లోపలే తాళం వేసి ఉంది. మీకు వచ్చే క్లయింట్లు మాటిమాటికీ రంగులు మార్చేవాళ్లైతే రంగు కూడా బయట పెట్టుకోండి. నా అభిప్రాయంలో మాత్రం పెట్టకపోవడమే మేలు.

చిన్న విషయం ఒకటి. మోగర్ట్ లైబ్రరీలో చూసుకుంటే నావన్నీ నల్లటి చతురస్రాలే. యానిమేషన్ మొదటి ఫ్రేములో ఏమీ ఉండదు కదా, థంబ్‌నెయిల్‌గా అదే వచ్చింది. ఎక్స్‌పోర్ట్‌కు ముందు డిజైన్ పూర్తిగా కనిపించే క్షణం దగ్గర ఆగి సెట్ పోస్టర్ టైమ్ నొక్కాలి. నొక్కితే అయిపోయే పనే, కానీ అన్నీ మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాల్సి వచ్చింది.

మార్చి చివర్లో పరీక్షగా నా దగ్గర సహాయంగా పనిచేసే కుర్రాడికి కిట్ పంపాను. గంటలో ఫోన్.

"అక్కా, అక్షరాలన్నీ విడివిడిగా వస్తున్నాయి. వత్తు పక్కకు పడుతోంది. ఫాంట్ కూడా వేరేదిలా ఉంది."

రెండు కారణాలు కలిశాయి. మోగర్ట్‌లో ఫాంట్ కలిసి ప్రయాణించదు. అవతలి కంప్యూటర్‌లో లేకపోతే సాఫ్ట్‌వేర్ వేరేది పెట్టేస్తుంది. రెండోది, అతని ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్ వేరే ఎంపిక మీద ఉంది. సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అన్నదానికి మార్చాక వత్తులు కుదురుకున్నాయి. అప్పట్నుంచి కిట్ ఫోల్డర్లో ఫాంట్ ఫైళ్లు, వాటి లైసెన్స్, ఈ సెట్టింగు గురించి నాలుగు వాక్యాల నోటు పెడుతున్నా. పంచుకోవడానికి అనుమతి ఉన్న ఫాంట్‌నే ఎంచుకోవడం దీనికోసమే.

లైసెన్స్ అంటే గుర్తొచ్చింది. ఎండ్ కార్డులో ఉన్న కణాల యానిమేషన్, ఒక స్వూష్ శబ్దం నేను ఎప్పుడో ఒక సైట్‌లో కొన్నవి. ఒక్క వీడియోలో వాడినప్పుడు ఎవరూ పట్టించుకోరు. కిట్‌లో పెట్టి అన్నిచోట్లా వాడబోయే ముందు నిబంధనలు చదివితే, ఒక తుది ఉత్పత్తికి ఒక లైసెన్స్ అని ఉంది. సిరీస్ మొత్తం ఒక ఉత్పత్తా, ఒక్కో భాగమా? మెయిల్ పెట్టాను. జవాబుకు వారం పైన పట్టింది. ఒక క్లయింటుకు చేసే ఒక సిరీస్‌ను ఒకటిగా లెక్కిస్తామని, వేరే క్లయింటు అయితే మళ్లీ కొనాలని చెప్పారు. ఇది ఆ సైట్ నియమం, అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని కాదు. ఆ వారం రోజులూ పని ఆగి, టెన్షన్‌గానే గడిచింది. చివరికి కణాలు తీసేసి, అలాంటిదే సొంతంగా చేసుకున్నా. శబ్దానికి బదులు నేను రికార్డ్ చేసుకున్న కాగితం చప్పుడు వేగం మార్చి పెట్టా. నిజానికి అదే బాగుంది.

ఏప్రిల్‌లో కొత్త సిరీస్ మొదలైంది. మొదటి భాగం పాత పద్ధతికంటే నెమ్మదిగా నడిచింది. ఏది ఎక్కడుందో వెతుక్కోవడం, టెంప్లేట్లు ఎక్కువైనచోట ప్లేబ్యాక్ ఆగి ఆగి రావడం. ప్రతి ఫ్రేమునూ అప్పటికప్పుడు లెక్కించాలి కాబట్టి, ప్రివ్యూ రెండర్ చేసుకుంటేగానీ సాఫీగా ఆడదు. అప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది, ఇంత కష్టం దీనికోసమా అని. మూడు నాలుగు భాగాలయ్యాక చెయ్యి అలవాటు పడింది. ఇప్పుడు గ్రాఫిక్స్ పని ఒక పూట నుంచి ఒకటిన్నర గంటకు వచ్చింది.

టెంప్లేట్‌ను సవరించినప్పుడు ఏం జరుగుతుందన్నది కూడా తెలిసి ఉండాలి. లైబ్రరీలో కొత్త వెర్షన్ పెట్టినంత మాత్రాన టైమ్‌లైన్‌లో ఉన్న పాతవి మారవు. ప్రాజెక్టు తన కాపీని తన పక్కనే ఒక ఫోల్డర్లో దాచుకుంటుంది. ఆల్ట్ నొక్కి పట్టుకుని కొత్తదాన్ని పాతదాని మీదికి లాగితే మార్చుకుంటుంది, ఆ తర్వాత టైప్ చేసిన పేర్లు నిలిచాయో లేదో ఒకసారి చూసుకోవాలి. అది కూడా ఆ ఒక్క ప్రాజెక్టు వరకే. అంటే ఎన్ని ప్రాజెక్టులుంటే అన్నిసార్లు. అన్నీ వాటంతటవే మారిపోతాయని ఆశపడి మొదలుపెట్టేవాళ్లకు ఇది ముందే చెప్పాలి. ఒక రోజు పని అరగంట అవుతుంది, సున్నా అవదు. అందుకే ఫైలు పేరులోనే వెర్షన్ నంబరు రాస్తున్నా, ఏ భాగంలో ఏ వెర్షన్ ఉందో ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాస్తున్నా.

మే నెలలో నిలువు వీడియోలు కూడా కావాలన్నారు. అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ల కోసం చేసిన టెంప్లేట్‌ను తిరగేసిన సైజులో వేస్తే మధ్యలో నిలబడి, రెండు పక్కలా తెగిపోతుంది. స్కేల్ తగ్గిస్తే అక్షరాలు చదవలేనంత చిన్నవైపోతాయి. వెడల్పును బట్టి తనే సర్దుకునే ఒకే టెంప్లేట్ చేద్దామని ఎక్స్‌ప్రెషన్లతో కొన్ని రాత్రులు కుస్తీ పట్టి, వదిలేశా. నిలువు తెరకు పేరు రెండు వరుసల్లో రావాలి, ఫోన్ యాప్‌ల బటన్లు కప్పే కింది భాగం, కుడి అంచు ఖాళీగా వదలాలి. అది వేరే డిజైన్. వేరే ఫైలుగానే చేశా, తేలిగ్గా అయిపోయింది.

చివరి మలుపు, ఇంకో ఎడిటర్ జట్టులోకి రావడం. ఆవిడ డావిన్చీ రిజాల్వ్ అనే వేరే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతారు. మోగర్ట్ అందులో తెరుచుకోదు. రెండర్ చేసిన లోగో ఫైళ్లు, శబ్దాలు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా పనిచేశాయి. ఆవిడ వాటిని పవర్ బిన్స్ అనే ఉమ్మడి ఫోల్డర్లలో పెట్టుకున్నారు. రిజాల్వ్‌లో ఆ బిన్ ఒకే ప్రాజెక్ట్ లైబ్రరీలోని ప్రాజెక్టులన్నిటికీ కనిపిస్తుంది. అందులో ఉండేది ఫైలు చిరునామాయే, ఫైలు కాదు. ఫోల్డర్ కదిపితే తెగిపోతుంది.

లోయర్ థర్డ్‌ను ఆవిడ రిజాల్వ్‌లోని గ్రాఫిక్స్ విభాగమైన ఫ్యూజన్‌లో మళ్లీ కట్టారు. నోడ్లన్నీ (ఒక్కో పని చేసే పెట్టెలు) ఎంచుకుని మాక్రోగా, అంటే ఒకే ముక్కగా, మార్చి, బయటికి కనిపించాల్సిన కంట్రోళ్లకు టిక్ పెట్టి, టైటిల్స్ ఫోల్డర్లో సేవ్ చేస్తే ఎడిట్ పేజీలో మామూలు టైటిల్‌లా వస్తుంది. మధ్య భాగం సాగడానికి అక్కడ కీఫ్రేమ్ స్ట్రెచర్ అనే నోడ్ ఉంది. నాకు భలే నచ్చినది, ఫ్యూజన్ నోడ్లను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే మొత్తం అక్షరాలుగా వచ్చేస్తుంది. చాట్‌లో మెసేజ్‌లా పంపితే అవతలివాళ్లు పేస్ట్ చేసుకుని వాడుకోవచ్చు. నేను రిజాల్వ్ ఉచిత వెర్షన్ పెట్టుకుని ప్రయత్నిస్తే నిజంగానే ఆవిడ పంపిన పట్టీ నా తెర మీద కదిలింది.

జూన్ మొదటి వారానికి రెండు సాఫ్ట్‌వేర్లలోనూ కిట్ ఒక కొలిక్కి వచ్చింది. రంగుల కోడ్లు, కదలికల వేగం, ఎడమ అంచు నుంచి ఎంత దూరం అన్న కొలతలు ఒక పేజీలో రాసి ఇద్దరం దగ్గర పెట్టుకున్నాం. మూలాలైన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రాజెక్టులను కలెక్ట్ ఫైల్స్ చేసి, అంటే వాటిలో వాడిన ఫైళ్లన్నీ ఒకే చోటికి చేర్చి, రెండు చోట్ల దాచాను. అధ్యాయం కార్డు మాత్రం రిజాల్వ్‌లో ఇంకా తయారవలేదు. అందులో ఉన్న కాగితం చిరిగే ఎఫెక్ట్ నేను ఒక ప్లగిన్‌తో (సాఫ్ట్‌వేర్‌కు విడిగా చేర్చుకునే భాగం) చేసింది, ఆవిడ దగ్గర ఆ ప్లగిన్ లేదు. ప్రస్తుతానికి నేనే ఒక్కో అధ్యాయం పేరూ టైప్ చేసి, రెండర్ చేసి పంపుతున్నా.